ఎమర్జెన్సీ కార్డులో నన్ను ‘ఆంటీ’ అని రాశారు

మావాడికి ఇద్దరమ్మలు. కన్నది నా భార్య, నేను కాదు. కాలిఫోర్నియాలో పెళ్ళయిన జంటం కాబట్టి బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు కూడా మొదటినుంచీ ఉంది. అయినా మా లాయరు వదల్లేదు, దత్తత ఉత్తర్వు కూడా తీసుకోమంది. సొంత కొడుకుని దత్తత తీసుకోవడమేమిటని ఒళ్ళు మండింది. ఆవిడ చెప్పిన కారణం మాత్రం గట్టిది. సర్టిఫికెట్ మీద వేరే రాష్ట్రం పేచీ పెట్టొచ్చు, కోర్టు ఉత్తర్వు మీద పెట్టడం కష్టం. జార్జియాలో ఇలాగే జరిగిన దత్తతను అలబామా కాదంటే, 2016లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుని తీరాలంది. సరే, తీసుకున్నాం. అది మొదట అక్కరకొచ్చింది స్కూల్లోనే.

ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే సెప్టెంబర్ 1కల్లా ఐదేళ్ళు నిండాలి. అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, టీకాల కాగితం, అన్నీ పట్టుకెళ్ళాం. ఆన్‌లైన్ ఫారంలో ‘పేరెంట్ 1, పేరెంట్ 2’ అనే ఉంది. తంటా అంతా ఆఫీసులో చేతికిచ్చిన ఎమర్జెన్సీ కార్డుతో. ఏ కాలం నాటి జిరాక్సో, ‘మదర్, ఫాదర్’ అని ఉంది. ఫాదర్ కొట్టేసి నా పేరు రాశాను. కౌంటర్లో ఆవిడ అది చూసి నన్ను కంప్యూటర్లో ‘ఆంటీ’గా ఎక్కించింది. చెడ్డ మనిషేం కాదు, నవ్వుతూనే ఎక్కించింది. కానీ ఆంటీకి రిపోర్టు కార్డు చూపించరు, పిల్లాడికి జ్వరం వస్తే ముందు ఫోన్ చెయ్యరు. ఉత్తర్వు కాపీ చూపించాక అక్కడికక్కడే మార్చింది.

తర్వాత ప్రిన్సిపాల్‌ని కలిశాం. వెళ్ళేముందు చట్టం కాస్త చదువుకున్నాను. కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 220 స్కూళ్ళలో వివక్షను నిషేధిస్తుంది. పిల్లాడి సంగతే కాదు, అతనికి సంబంధించిన మనుషుల్ని బట్టి చూపే వివక్ష కూడా అందులోకి వస్తుంది. మావాడికి పనికొచ్చేది ఆ ముక్కే. 2012 నుంచి అమల్లో ఉన్న సేత్ చట్టం ఇంకోటి. తెహచాపీ అనే ఊళ్ళో వేధింపులు పడలేక 2010లో చనిపోయిన పదమూడేళ్ళ సేత్ వాల్ష్ పేరు మీద వచ్చింది. వేధింపు కళ్ళబడితే, ప్రమాదం లేనప్పుడు, సిబ్బంది అడ్డుపడాల్సిందే. ప్రిన్సిపాల్‌కి ఇవన్నీ తెలుసు. తలూపింది, మాలాంటివాళ్ళ గుర్తయిన ఇంద్రధనుస్సు పోస్టరు కూడా చూపించింది.

నాకు కావలసింది పోస్టరు కాదు. ‘నీకు డాడీ లేడా?’ అని పక్క పిల్లాడు అడిగిన క్షణాన టీచరు ఏమంటుంది? ఇదొక్కటే నా బెంగ. టీచర్నే అడిగాను. ‘మాట మార్చేస్తానేమో’ అంది, దాపరికం లేకుండా. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ మాట మారిస్తే ఇద్దరు పిల్లలకీ అర్థమయ్యేది ఒకటే, ఇది దాచాల్సిన విషయమని. ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) తల్లిదండ్రుల పిల్లల మీద 2008లో గ్లిసెన్ అనే అమెరికా సంస్థ వేసిన నివేదికలో నన్ను కలవరపెట్టింది తోటిపిల్లల వెక్కిరింపుల కన్నా ఈ సంగతే: ఇంటి విషయం బయట మాట్లాడొద్దని స్కూలు పెద్దలే తమకు చెప్పారన్న పిల్లలు 22 శాతం.

అందుకని ముగ్గురం కూర్చుని జవాబొకటి రాసుకున్నాం. ‘వాళ్ళింట్లో ఇద్దరమ్మలు. కొందరిళ్ళల్లో అమ్మానాన్నా ఉంటారు, కొందర్ని తాతయ్య పెంచుతాడు. ఇక లెక్కల పుస్తకం తియ్యండి.’ చివరి వాక్యం టీచరుదే, అసలు బలమంతా అందులోనే ఉంది. అక్టోబర్లో అవసరం పడింది, టీచరు అదే అంది, లెక్కలు నడిచాయి. ఫ్యామిలీ ట్రీ బదులు ‘మా ఇంట్లో వాళ్ళు’ అని బొమ్మ వేయించింది. తాతయ్య దగ్గర పెరుగుతున్న పిల్ల ఒకతి ఆ క్లాసులోనే ఉందని మాకప్పుడు తెలిసింది.

గేటు దగ్గర సంగతి వేరు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ పికప్‌కి వెళ్తే, ఇంకో తెలుగు మామ్మగారు ‘మీ మనవడి నాన్న ఏ కంపెనీ అండీ?’ అని అడిగారట. ‘మావాడికి ఇద్దరూ అమ్మలేనండి, ఒకత్తి మా అమ్మాయి. మీదే ఊరు?’ అందట మా అమ్మ. పదేళ్ళ కిందట నాతో ఆరు నెలలు మాట్లాడని మనిషి! ఆ మామ్మగారిది గుడివాడ. మర్నాడు గోంగూర మొక్క ఇచ్చారు.

ఫస్ట్ గ్రేడ్‌లో కొత్త టీచరు జంకింది. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు మేరీలాండ్ కేసులో, మతవిశ్వాసం కారణంగా ఎల్‌జీబీటీ కథల పుస్తకాల పాఠం నుంచి తమ పిల్లల్ని తప్పించుకోవాలనుకునే తల్లిదండ్రుల పక్షాన 6-3తో తీర్పిచ్చింది. దాంతో మావాడు ‘మా మమ్మీలు’ అన్నా మిగతా తల్లిదండ్రులకు ముందుగా ఉత్తరం పంపాలేమోనని ఆ టీచరు భయం. పుస్తకం చదివించడం వేరు, పిల్లాడు తన వీకెండ్ కబుర్లు చెప్పడం వేరు. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి స్కూళ్ళను నడిపే ఆఫీసు) వాళ్ళ చేత ఇదే మాట ఈమెయిల్లో రాయించుకున్నాం. నోటిమాటగా వదిలితే టీచరు మారినప్పుడల్లా మళ్ళీ మొదలు.

హైదరాబాద్‌లో మాలాంటి జంట ఒకటి తెలుసు. అక్కడ మాలాంటివాళ్ళ పెళ్ళి చెల్లదు కాబట్టి దత్తత ఒక్కరి పేరు మీదే. పెళ్ళికాని జంటలకు ఉమ్మడి దత్తత హక్కు ఇవ్వడానికి 2023 అక్టోబర్ 17న మన సుప్రీంకోర్టు 3-2తో ఒప్పుకోలేదు. వాళ్ళకి సెక్షన్ 220 గురించి చెప్పి ఏం లాభం? టీచరుతో రాసుకున్న ఆ మూడు వాక్యాలు మాత్రం వాట్సాప్‌లో పంపాను. పికప్ అధికారపత్రంలో రెండో ఆవిడ పేరు, ఫోటో పెట్టించమన్నాను. వాళ్ళ ప్రిన్సిపాల్ దానికి ఒప్పుకున్నారు. టీచరుతో మాట్లాడటం ఇంకా మిగిలి ఉంది.