పాతదే తీసుకుంటున్నాం

పర్లాకిమిడిలో డిగ్రీలో చేరిన మేనల్లుడికి ల్యాప్‌టాప్ కావాలి. చేతిలో ఉన్నది పాతిక వేలు. ఆ డబ్బుకి కొత్తది కూడా వస్తుంది, సన్నగా, తళతళలాడుతూ. కాకపోతే ఆ రేటులో చాలావాటికి ర్యామ్, అంటే పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ, బోర్డుకే అతికించేసి ఉంటుంది. రేపు చాలకపోతే ఇంక అంతే.

బరంపురంలో సెకండ్ హ్యాండ్ షాపులో థింక్‌ప్యాడ్ టీ480 చూశాం. 2018 మోడల్. అడుగు మూత విప్పితే ర్యామ్‌కి రెండు స్లాట్లు. బ్యాటరీలూ రెండే: ఒకటి లోపల, ఒకటి వెనకాల. లోపలిదాంట్లో చార్జింగ్ ఉంటే వెనకది ఊడదీసి ఇంకోటి పెట్టినా మెషీన్ ఆగదు. వానాకాలంలో మా వైపు కరెంటు సంగతి తెలిసినోళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పక్కనే టీ470, ఇంకా చవక. చూడ్డానికి కవలలే! నేనే వద్దన్నాను. అందులో వచ్చేది ఇంటెల్ 6, 7వ తరం ప్రాసెసర్. విండోస్ 11 అధికారికంగా దాదాపు 8వ తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో అయిపోయింది.

"మావయ్యా, కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి, కాలేజీలో నవ్వుతారు" అని వీడి గోల. మా చెల్లిది ఒకటే ప్రశ్న: "వారంటీ ఉందా అన్నయ్యా?" ఉందమ్మా, షాపాయన నోటిమాట మీద నెల్రోజులు.

ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. బ్యాటరీ రిపోర్టు తీయించి, ప్రతి మీటా నొక్కి చూసి, అప్పుడే డబ్బులు. మిగిలినదాంతో ర్యామ్ 16 జీబీ చేయించాలి. అక్షరాలకి స్టిక్కర్లు కూడా, పాపం.