చూపు లేకుండా బ్యాంకు యాప్‌లో కేవైసీ: నా అనుభవం

నాకు చిన్నప్పటి నుంచీ రేచీకటి. దాని అసలు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా అని పెద్దయ్యాక తెలిసింది. చూపు అంచుల దగ్గర మొదలై లోపలికి కుంచించుకుపోతూ వచ్చింది. 40 ఏళ్లు దాటేసరికి గదిలో లైటు వెలుగుతోందో లేదో తెలిసేంత చూపే మిగిలింది. ఫోన్ వాడటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను, ఈసారి చెవులతో.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వేలిని కుడివైపు జరిపితే తర్వాత ఏముందో చదువుతుంది. కావలసినది వినిపించగానే రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, రెండూ 2009లోనే వచ్చాయి. విడిగా కొనక్కర్లేదు, ఫోన్‌లోనే ఉంటాయి.

దీనివల్ల నాకు దక్కినవాటిలో అన్నిటికంటే పెద్దది నా డబ్బు లెక్క. ఇంతకుముందు బ్యాంకు నుంచి ఏ కాగితం వచ్చినా ఎవరో ఒకరు చదివి పెట్టాలి. నా ఖాతాలో ఎంతుందో ముందు వాళ్లకు తెలిసేది, తర్వాత నాకు తెలిసేది. వాళ్లు నావాళ్లే, మంచివాళ్లే. అయినా ఆ వరస నాకు బాధగానే ఉండేది. మొదటిసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా బ్యాలెన్స్ నేను విన్న రోజు, అవసరం లేకపోయినా మూడుసార్లు విన్నాను.

అందుకే కేవైసీ (ఖాతాదారు ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే పని) మళ్లీ చేసుకోవాలని, గడువు దాటితే ఖాతాలో లావాదేవీలు ఆగిపోతాయని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చినప్పుడు, ఇది కూడా నేనే చేసుకోవాలనుకున్నాను. "నాన్నా, నేను ఆఫీసు నుంచి వచ్చాక చేద్దాంలే" అంది మా అమ్మాయి. వద్దన్నాను.

మొదటి అడ్డంకి క్యాప్చా, అంటే వాడుతున్నది మనిషేనని తేల్చుకునే పరీక్ష. వంకరటింకర అక్షరాల బొమ్మను స్క్రీన్ రీడర్ చదవలేదు. పక్కనే ఆడియో బటన్ ఉంది కాబట్టి బతికిపోయాననుకున్నాను. తీరా వింటే గోల మధ్య ఎవరో దూరం నుంచి అక్షరాలు పలుకుతున్నట్టుంది. నేను ఒక అక్షరం టైప్ చేయగానే టాక్‌బ్యాక్ దాన్ని పైకి చదువుతుంది, ఆ మాట కింద ఆడియోలోని తర్వాతి అక్షరం పడి పోతుంది. చివరకు ఆడియో మొత్తం విని, అక్షరాలన్నీ మనసులో పెట్టుకుని, తర్వాత టైప్ చేశాను. నాలుగోసారికి కుదిరింది. వెబ్‌సైట్లు, యాప్‌లు అందరికీ అందేలా ఉండటానికి డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో ఇదే విషయం ఉంది: గుర్తుపెట్టుకోవడం, అక్షరాలు చూసి తిరిగి రాయడం లాంటి పరీక్ష లేకుండా లాగిన్ అయ్యే దారి ఒకటి ఉండాలని.

తర్వాత ఓటీపీ. ఆరంకెలకు ఆరు గళ్లు. దేని మీద వేలు పెట్టినా "ఎడిట్ బాక్స్" అనే మాటే వినిపిస్తుంది. ఎన్నో గడిలో ఉన్నానో తెలియదు. దాని కింద 30 సెకన్ల టైమర్. అది సెకను మారినప్పుడల్లా స్క్రీన్ రీడర్‌కు కబురు పంపేలా రాసి ఉంది. మెసేజ్‌లోని ఓటీపీ వినపడాల్సిన సమయంలో నాకు వినిపించినది "29, 28, 27, 26". "మీ కోడ్ నాలుగు, ఏడు..." అనేలోగా "22" అని అడ్డొస్తుంది. అంకెల మీద అంకెలు! ఏది కోడో ఏది టైమరో తెలియక చేతులు చల్లబడ్డాయి. కళ్లున్నవాళ్లకు అదొక మూల నిశ్శబ్దంగా తగ్గే అంకె, అంతే. ఆ టైమర్‌ను ప్రతి సెకనూ చదివించకుండా, పది సెకన్లున్నాయనగా ఒక్కసారి చెప్పిస్తే చాలు.

మూడోసారి ఓటీపీ పెట్టగలిగాను. ఆరు అంకెలూ మెసేజ్ నుంచి కాపీ చేసి మొదటి గడిలో పేస్ట్ చేస్తే వాటంతటవే సర్దుకున్నాయి. ఇది ఎవరికైనా పనికొస్తుందేమోనని చెబుతున్నాను.

గుర్తింపు కార్డు ఫొటో దగ్గర మాత్రం నాకు భయం లేదు. ఆ పద్ధతి వచ్చు. గదిలో లైటు వేసి, బల్ల మీద నల్లటి టవల్ పరిచి, దాని మధ్యలో కార్డు పెడతాను. ఫోన్‌ను సరిగ్గా కార్డు మీదే బోర్లా ఉంచి, మోచేతులు బల్లకు ఆనించి, అటూ ఇటూ వంగకుండా తిన్నగా పైకి లేపుతాను. జానెడు పైకి వచ్చాక ఫొటో తీస్తాను. రెండో ఫొటోకే యాప్ ఒప్పుకుంది. వీడియో కాల్‌లో వాలంటీర్ల సాయం అందించే బీ మై ఐస్ 2015 నుంచీ ఉంది. మందు డబ్బా మీది తేదీ కోసం నేను దాన్ని హాయిగా వాడతాను. గుర్తింపు కార్డును మాత్రం ముక్కూమొహం తెలియని మనిషికి చూపించడానికి మనసొప్పలేదు.

కార్డు తర్వాత సంతకం. తెర మీద వేలితో గీయాలి. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే నా వేలి కదలికను గీతగా కాక తన ఆదేశంగా తీసుకుంటుంది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి నొక్కి ఉంచి దాన్ని ఆపి, నిశ్శబ్దంలో సంతకం చేసి, మళ్లీ ఆన్ చేశాను. గీత గడి దాటిందో లేదో తెలియదు. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే రెండు బటన్లు. రెండూ "లేబుల్ లేని బటన్" అనే చదివాయి. ఒకటి సంతకం చెరిపేది, ఒకటి కొనసాగించేది. మొదటిసారి చెరిపేశాను. ఏది ఏమిటో తెలిశాక టాక్‌బ్యాక్‌లోనే వాటికి నేను పేర్లు పెట్టుకున్నాను, ఆ సౌకర్యం ఉంది. కానీ ఆ పేర్లు నా ఫోన్‌లోనే ఉంటాయి. నాలాంటి ఇంకొకరు వాళ్ల ఫోన్‌లో ఆ తెర తెరిస్తే మళ్లీ అదే చెరిపివేత. యాప్ రాసేవాళ్లకు అది ఒక్క లైను పని.

చివరిది సెల్ఫీ. నేను ఆగిపోయింది ఇక్కడే. "మీ ముఖాన్ని అండాకారంలో ఉంచండి" అని ఒక్కసారి చదివి తర్వాత మౌనం. ఆ అండాకారం ఎక్కడుందో, నా ముఖం దానికి ఏ పక్కనుందో ఒక్క మాట లేదు. ఫోన్ పైకెత్తాను, కిందికి దించాను, దూరం జరిపాను. "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి." ఐదుసార్లయ్యాక ఆ రోజుకు తలుపు మూసేసింది, మర్నాడు రమ్మంది. మర్నాడూ అంతే. మూడో రోజు అమ్మాయి పక్కన నిలబడి "నాన్నా, కొంచెం ఎడమకి... గడ్డం పైకి... ఆ, అంతే" అంది. ఈసారి ముఖం కుదిరింది కానీ "కెమెరా వైపు చూసి కళ్లు ఆర్పండి" దగ్గర ఆగింది. నా కళ్లు కెమెరా వైపు నిలవవు. కృత్రిమ కన్ను పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఏం చేయాలి? ఆలోచించిన కొద్దీ నాకు కోపం కంటే బాధే ఎక్కువైంది. నేను నేనేనని నా ఫోన్‌కు చెప్పలేకపోతున్నాను.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. (నా స్నేహితుడొకరికి చెవులు వినపడవు. కేవలం ఫోన్ నంబరే ఇచ్చి సరిపెట్టే చోట అతనికి ఈ దారి కూడా లేదు.) రెండుసార్లు లైను తెగాక, మూడోసారి ఒకావిడ ఓపిగ్గా విన్నారు. వీడియో కాల్‌లో ఉద్యోగే చూసి ధ్రువీకరించే ఏర్పాటు ఉందన్నారు. యాప్‌లో దాని ప్రస్తావన ఎక్కడా లేదు. ఐదో రోజు ఆ కాల్ వచ్చింది. "సార్, ఫోన్ కొంచెం వెనక్కి జరపండి. చాలు. ఇప్పుడు కార్డు ఎత్తి పట్టుకోండి" అన్నారు అవతలి అబ్బాయి. కళ్లు ఆర్పమనలేదు, తెర మీద కనిపించే కోడ్ చదవమనలేదు. నా పుట్టిన తేదీ, చిరునామా అడిగారు. పది నిమిషాల్లోపే పని అయిపోయింది.

ఆ రాత్రే కూర్చుని బ్యాంకుకు మెయిల్ రాశాను. యాప్ బాగాలేదని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అందుకే ఏ తెర, ఏ బటన్, స్క్రీన్ రీడర్ ఏమంది, ఏమనాలి అని ఒక్కొక్కటీ విడమరిచి రాశాను. ఫోన్ మోడల్, యాప్ వెర్షన్ ఇచ్చాను. టాక్‌బ్యాక్ మాటలు వినపడేలా తెరను రికార్డు చేసిన వీడియో జతచేశాను. ఎక్కువ పని చేసింది ఆ వీడియోనే అని నా నమ్మకం. టైమర్ గోల మధ్య ఓటీపీ మునిగిపోవడం చెబితే అర్థం కాదు, వింటే అర్థమవుతుంది.

మూడు వారాలకు అప్‌డేట్ వచ్చింది. నేను పెట్టుకున్న పేర్లు తీసేసి, సంతకం తెర మళ్లీ తెరిచి చూశాను. "చెరిపివేయి, బటన్", "కొనసాగించు, బటన్" అని వినిపించింది. ఓటీపీ టైమర్ ఇప్పుడు సెకను సెకనుకూ మాట్లాడటం లేదు.

సెల్ఫీ తెర ఇంకా మౌనంగానే ఉంది. అది కుదరని పనేమీ కాదు. ఐఫోన్ కెమెరాలో వాయిస్‌ఓవర్ ముఖం ఎక్కడుందో చెబుతుంది. గూగుల్ 2022లో పిక్సెల్ 7తో తెచ్చిన గైడెడ్ ఫ్రేమ్ సెల్ఫీ తీసుకునేటప్పుడు ఫోన్ ఎటు జరపాలో పలికి చెబుతుంది. ఈ రెండూ ఉదాహరణగా రాసి, కళ్లు ఆర్పలేనివాళ్లకు వీడియో కాల్ దారి ఆ తెర మీదే చూపించమని కోరుతూ మొన్న మళ్లీ మెయిల్ పంపాను. ఆ తెర పలకాల్సిన మాటలు కూడా నేనే రాసిచ్చాను: "ఎడమకు", "కుడికి", "దగ్గరకు", "దూరంగా", "కదలకండి". జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.