చక్రం లేని రైలింజను

పదకొండున్నర అయింది. ఆయన ఎప్పుడో నిద్రపోయారు. మరిది ముందు గదిలో ఇంకా లైకులు లెక్కపెట్టుకుంటున్నాడు. నాకు మాత్రం నిద్ర రావడం లేదు.

మా బొమ్మల కొట్టు తరఫున ఫేస్‌బుక్‌లో పెట్టిన సంక్రాంతి బొమ్మల కొలువు పోటీ ఇవాళ్టితో అయిపోయింది. 112 ఫొటోలు వచ్చాయి. అత్తయ్యగారు పోపుల డబ్బా కడిగి ఇస్తే అందులో చీటీలు వేశాం. ఎంత కడిగినా ఇంగువ వాసన పోలేదు, గెలిచిన చీటీ ఇప్పటికీ ఘాటుగానే ఉంది. అక్కయ్యపాలెం పాపకు ఏటికొప్పాక లక్కపిడతలు వచ్చాయి. ఫోనులో ఆ పిల్ల కేక విని అందరం నవ్వాం. సంతోషం అంతవరకే.

మిగతాదంతా చిరాకే. మొదటి రోజే మరిదితో గొడవ. ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేయాలి, తమ పేజీలో షేర్ చేయాలి, అప్పుడే పేరు లెక్కలోకి వస్తుందని రాశాడు. అలాంటి షరతు పెట్టకూడదని ఫేస్‌బుక్ నియమాల్లోనే ఉందయ్యా అంటే, "ఊరంతా అదే చేస్తోంది కదా వదినా" అన్నాడు. చేస్తోంది, నిజమే. పట్టుబట్టి మార్పించాను. ఇక ఆయన, గెలిచినవారికి ఫోను చేస్తే చాలదా, ఫలితాలు అందరికీ చెప్పడం ఎందుకు అన్నారు. బహుమతుల పథకం పెట్టి ఫలితాలు దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పని చెప్పాక ఊరుకున్నారు. అప్పటినుంచి ఇంట్లో నేను ప్లీడరుగారిని.

మధ్యాహ్నం ఇంకో తలనొప్పి. ఎవడో మా కొట్టు పేజీలోని ఫొటోయే పెట్టుకుని, పేరులో ఒక్క అక్షరం మార్చి, "మీరు గెలిచారు, కొరియర్ ఖర్చు 99 రూపాయలు పంపండి" అని అందరికీ సందేశాలు పెట్టాడు. అప్పటికింకా చీటీలే తీయలేదు! ఒక్కొక్కరికీ జవాబు రాసి, డబ్బు పంపినవారుంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయమని చెప్పేసరికి నాలుగైంది.

అప్పుడు వచ్చారు ఒకావిడ. పూర్ణా మార్కెట్ నుంచి ఆటోలో వచ్చారట. ప్లాస్టిక్ కవరులోంచి కాగితం ఫొటో తీసి బల్ల మీద పెట్టారు. ఐదు మెట్ల కొలువు. కింది మెట్టు మీద పాత ఏటికొప్పాక రైలింజను, లక్క వెలిసిపోయి లోపలి అంకుడు కర్ర కనిపిస్తోంది. ఒక చక్రం పోతే ఆ చోట సోడాసీసా మూత అమర్చారు. పోటీ ఫోనులోనేనండీ అన్నాను. "ఫరవాలేదమ్మా" అని ఫొటోను మళ్లీ కవరులో పెట్టుకుని, ఒక బొంగరం కొనుక్కుని వెళ్లిపోయారు.

ఆరో తరగతిలో ఉండగా టీవీలో ఆదివారం ఆదివారం ఒక ప్రశ్న అడిగేవారు. బహుమతి సైకిలు. 50 పైసల కార్డులు తొమ్మిది కొన్నాను, దారిలో కొన్ని పోయినా మిగతావి చేరతాయని. తాతయ్య ఇంకు పెన్నుతో అన్నిటిమీదా ఒకటే జవాబు. ఆరడానికి వరండాలో పరిచి, అమ్మ అప్పడాలకు కాపలా ఉన్నట్టు కాకులను తోలుతూ కూర్చున్నాను. పోస్టాఫీసులో గుమస్తా ఒక్క చూపు చూసి, "పోటీలకు వేరే కార్డు పాపా, 10 రూపాయలు" అన్నాడు. తొమ్మిదికి తొంభై! నాన్నను అడిగే ధైర్యం లేక అవే కార్డులు పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. అవి చెల్లవని తెలిసి కూడా మూడు ఆదివారాలు టీవీ ముందు నుంచి కదలలేదు.

ఆ గుమస్తా తప్పేమీ లేదు. ఉన్న మాట చెప్పాడు. నేనూ ఉన్న మాటే చెప్పాను, ఒకరికి సడలిస్తే మిగతా 112 మంది ఊరుకుంటారా అని సాయంత్రమంతా సమాధానం చెప్పుకున్నాను. ఇప్పుడు అది నిలబడటం లేదు. అతనికి నియమం పైనుంచి వచ్చింది. మా పోటీ నియమాలు రాసింది నేనే. ఆవిడ వచ్చింది నాలుగింటికి, చీటీలు తీసింది ఆరున్నరకు. ఆ కాగితాన్ని నా ఫోనుతో ఫొటో తీస్తే అర నిమిషం పని. మరిదిని తిట్టిన తిట్లన్నీ అనవసరం.

పాత సరుకు సంచిలో విడి చక్రాలు ఉండాలి. పొద్దున్నే వెతకాలి. దొరికినా ఎవరికి పంపను? ఇల్లు ఎక్కడో అడగలేదు. పేరు కూడా.