జుమ్మేరాత్ బజార్‌లో నాయనమ్మ అణా

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగి జుమ్మేరాత్ బజార్‌కి ఆటో అడిగితే నూట యాభై అన్నాడు. రెండు మూడు కిలోమీటర్లకి! ఖమ్మం నుంచి నిద్ర లేకుండా వచ్చిన కోపమంతా అతని మీదే తీర్చుకుని, చివరికి ఎనభైకి కుదుర్చుకున్నా.

జేబులో నాయనమ్మ పూజగూటి రాగి బిళ్ల ఉంది. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ, వన్ అణా, 1818. బియ్యం గింజల్ని లాగుతుందని, లక్షలు పలుకుతుందని ఎవరో చెప్పినప్పటి నుంచి మా పెదనాన్నకి నిద్ర లేదు. భద్రాద్రి రాముడు తానీషాకి కట్టిన రామమాడల కథ వింటూ పెరిగిన ఇల్లు మాది. రాముడి బొమ్మ ఉంటే ఇంకేం అడుగుతాం?

పాత రేడియోల పక్కన గుడ్డ పరుచుకుని ఒక ముసలాయన నాణేలు అమ్ముతున్నాడు. బిళ్ల చూపిద్దామని వంగితే, అచ్చం అలాంటివే అక్కడ కుప్పగా ఉన్నాయి. ఒక్కోటి వంద.

నా మొహం చూసి ఆయనకి నవ్వొచ్చింది. "కూర్చో బేటా," అని అయస్కాంతం తీశాడు. బిళ్ల టక్కున అతుక్కుంది. లోపల ఇనుము, పైన రాగి పూత.

"దేవుడి బొమ్మ ఉందని దొంగది అనడం లేదు. కంపెనీ వాళ్లు మద్రాసు పగోడా అనే నాణెం మీద విష్ణువుని కూడా వేశారు. కానీ దేశమంతటికీ ఒకే రకం నాణేలు తెచ్చింది 1835లో. అందులో అర్ధణా ఉంది, అణా లేదు. మరి 1818లో ఇదెక్కడిది?"

"పోనీ రాగిదే అయితే, చాచా?"

"అప్పుడు అంచు చూడు. పోత పోసిందైతే చుట్టూ సన్నగా అతుకు గీత, మీద బుడగల గుంటలు కనిపిస్తాయి. తూకం కూడా తేడా వస్తుంది."

తర్వాత నిజాం వెండి రూపాయి నా చేతిలో పెట్టాడు. చార్మినార్ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం. ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, మీమ్ ఉంటే వాళ్ల నాన్న మహబూబ్‌ది. దాని మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయా. ధర అడిగే ధైర్యం మాత్రం చాల్లేదు.

బస్సెక్కాక పెదనాన్నకి ఫోన్ చేసి సంగతంతా చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"ఆయన అయస్కాంతం అసలుదేనా?" అన్నాడు.