పక్కింటి అవ్వ మిద్దె

మా తిరుపతిలో చలికాలం వానతోనే మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు స్వెట్టర్లు బయటికి తీశామని ఫోన్లో చెప్పే టైంకి మాకిక్కడ బంగాళాఖాతంలో వాయుగుండం, మూడు రోజులు ముసురు. కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని జనం ఫోన్లు పట్టుకుని అటు పరిగెడతారు. నేను చీపురు పట్టుకుని పక్కింటి అవ్వ మిద్దె ఎక్కుతాను.

అవ్వ మాకు చుట్టమేమీ కాదు. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. కొడుకు బెంగళూరులో. ఇల్లేమో దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన పాత మద్రాసు టెర్రస్. ఎండాకాలం దాన్ని మించిన ఇల్లు లేదు. వానొస్తేనే తంటా. 2021 నవంబర్ వానలకు ఊరంతా ఇళ్ళలోకి గుమ్మం దాటి నీళ్ళొస్తే, అవ్వకు పైనుంచి కూడా వచ్చాయి. వేపాకులు అడ్డం పడి తూము మూసుకుపోయింది. మిద్దె మీద చెరువు నిలిచి, గోడల్లోకి దిగింది.

అప్పటినుంచి దీపావళి వెళ్ళగానే ఆ పని నాదే. తూములో చెయ్యి పెట్టి కుళ్ళిన ఆకు తియ్యడం, సర్వి కట్టెతో లోపలికంటా పొడవడం, మళ్ళీ ఆకు పడకుండా ఓ చిల్లుల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి పైన ఇటుక పెట్టడం. పాచి మాత్రం అంత తేలిగ్గా పోదు. కొట్టు ఆయన యాసిడ్ పొయ్యమంటాడు కానీ అతని మాట వినకూడదు, సున్నపు మిద్దె మీద యాసిడ్ పోస్తే పాచితో పాటు సున్నాన్నీ తినేస్తుంది. నేను బ్లీచింగ్ పౌడర్ చల్లి, కాసేపు నాననిచ్చి, కొబ్బరి పుల్లల చీపురుతో రుద్దుతాను. కింద నుంచి అవ్వ, "ఆ మూల ఇంకా పచ్చగానే ఉండాదే నాయనా" అంటుంది. కళ్ళు కనపడవంటుంది, ఆ మూల ఎలా కనపడిందో!

తర్వాత కట్టెలు. పెరట్లో నీళ్ళ పొయ్యి మీద కాగిన నీళ్ళయితేనే ఆమెకు స్నానం చేసినట్టు. వాన మొదలవకముందే కొబ్బరి మట్టలు కొట్టి, చిన్నవీ పెద్దవీ వేరు చేసి, కింద ఇటుకలు పరిచి, పైన టార్పాలిన్ కప్పాలి. నేలకు తగిలితే పైన ఎంత కప్పినా తేమ పట్టేస్తుంది. తడిసిన మట్ట అంటుకోదు, వీధంతా పొగ, ఆమెకు దగ్గు.

ధనుర్మాసం వచ్చిందంటే, అంటే కొండ మీద స్వామికి సుప్రభాతం బదులు తిరుప్పావై పాడే నెల మొదలైందంటే, అవ్వ చీకటితోనే లేచేస్తుంది. మోకాళ్ళు అరిగినా సరే, వాకిట్లో కళ్ళాపి, ముగ్గు తప్పవు. పాలాయన దగ్గర పేడ తేవడం, బకెట్ నీళ్ళు మోయడం వరకే మాకు అనుమతి. ముగ్గు జోలికి ఎవరూ పోకూడదు. మా ఆవిడ ఒకసారి "నేను వేస్తాలే అవ్వా" అంటే, "నీ చుక్కలు వంకర పోతాయిలేమ్మా" అని మొహం మీదే చెప్పేసింది. చిన్న పీట వేసుకుని కూర్చుంటుంది, చేయి అందినంత మేర పిండి వదులుతుంది, పీట జరుపుకుంటుంది, మళ్ళీ వదులుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే నోటి ఆవిరితో ఊదుకుని మరీ వేస్తుంది. సాయం చెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఊరుకోవాలి.

ఊరికే పని చేయించుకునే రకం కాదు. డబ్బులిస్తే నేను తీసుకోనని తెలుసు కాబట్టి అనపకాయలతో బాకీ తీరుస్తుంది. పలమనేరు వైపు నుంచి కాయ దిగగానే బుట్టెడు కొని, గింజలు ఒలిచి రాత్రి నీళ్ళలో వేస్తుంది. పొద్దున ఉబ్బిన గింజని బొటనవేలితో నొక్కితే పప్పు టప్పున జారి గిన్నెలో పడాలి. మా పాప నొక్కితే సగం గోడకి పోతాయి. చేతులకంటిన ఆ వాసన సబ్బుకు కూడా సాయంత్రం దాకా లొంగదు. ఆ పితికిపప్పులో వంకాయ వేసి పులుసు పెట్టి, రాగి సంగటితో పంపుతుంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఆవిడ అందులో ఏదో ఒకటి వేసి పంపుతుంది. ఈ లెక్క ఎప్పటికీ తెగదు.

ఇప్పుడు తలనొప్పల్లా గీజర్. కొడుకు కొని పంపాడు, డబ్బా కూడా విప్పలేదు. దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టింది. "అన్నా, మీరు చెబితే వింటుంది, ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించండి" అని అతను నాకు ఫోన్. "వాడు అడిగితే పెట్టించానని చెప్పెయ్యబ్బయ్యా" అని ఈమె. సంక్రాంతికి అతనే వస్తున్నాడు. తల్లీ కొడుకూ తేల్చుకుంటారు. నేనైతే ఈసారి కట్టెలు కాస్త ఎక్కువే కొట్టి పెట్టాను.