తాడు లాగడానికి డబ్బులా?

పొద్దున క్విన్సీలో రెడ్‌లైన్ ఎక్కి కేంబ్రిడ్జ్‌లో కెండాల్ స్క్వేర్ దగ్గర దిగడం, సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం. బోస్టన్‌లో నా మొదటి మూడేళ్ళు ఇంతే. ఊళ్ళోకి రాగానే రైలు సొరంగంలో దూరుతుంది. చార్ల్స్/ఎంజీహెచ్ స్టేషన్ దగ్గర మళ్ళీ వెలుతుర్లోకొచ్చి లాంగ్‌ఫెలో వంతెన మీదుగా నది దాటుతుంది. ఫోన్లలో తలదూర్చినవాళ్ళు కూడా ఆ ఒక్క నిమిషం తలెత్తుతారు. ఎడమ పక్క కిటికీలోంచి చూస్తే చార్ల్స్ నది మీద పదో ఇరవయ్యో తెల్ల తెరచాపలు. పనిరోజున, పట్టపగలు, బోట్లేసుకుని తిరిగేది ఎవరో నాకు తెలిసిపోయినట్టే ఉండేది. డాక్టర్లు, లాయర్లు, తాతల ఆస్తి తింటున్నవాళ్ళు. మా రూమ్మేట్ కూడా "డబ్బున్నోళ్ళ యవ్వారంలే" అన్నాడు. ఇద్దరం ఒకే మాట అనుకున్నాక ఇక కనుక్కోవడానికేముంది?

2019 జూన్‌లో నా హెచ్‌1బీ వీసా పొడిగింపు మీద ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది, అంటే ఇంకా రుజువులు అడిగే నోటీసు. నువ్వు చేసేది నిజంగా స్పెషాలిటీ ఉద్యోగమేనా, రుజువులు పంపు అని. లాయరుకి కాగితాలు ఇచ్చేశాక చేసేదేమీ లేదు, ఎదురుచూడటమే. స్క్రీన్ మీద కోడ్ కనిపిస్తుంది కానీ బుర్రకెక్కదు. ఒక మధ్యాహ్నం లంచ్ బాక్సు మూత తీయకుండానే లేచి, వంతెన మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి పోయాను. నీళ్ళ అంచున ఒక బోట్‌హౌస్, కమ్యూనిటీ బోటింగ్ అని బోర్డు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. కౌంటర్లో ఉన్న కాలేజీ పిల్లని "ఇది మెంబర్లకేనా?" అని అడిగాను. అవునంటే వెళ్ళిపోదామని సిద్ధంగానే ఉన్నా. "అవును" అని ఫారం నా వైపు జరిపింది.

సీజన్ మొత్తానికి రాసున్న అంకె చూసి ఎక్కడో ఒక సున్నా ఎగిరిపోయిందనుకున్నా. రూము అద్దెలో నా నెల వాటాకి సగం కూడా లేదు. పాఠాలు, బోటు, లైఫ్ జాకెట్ అన్నీ అందులోనే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఎన్నిసార్లయినా వచ్చి ఖాళీగా ఉన్న బోటు తీసుకుపోవచ్చు. నేర్పేవాళ్ళలో చాలామంది జీతం లేని వలంటీర్లు. నాకు మొదటి పాఠం చెప్పినావిడ అంతకు ముందు ఏడాదే నేర్చుకుందట.

ఈ సంస్థ 1946 నుంచి ఉంది. అంతకు ముందే, ముప్ఫైల్లో, పక్కనే ఉన్న వెస్ట్ ఎండ్ పేట పిల్లలకి పడవలు నేర్పడంతో కథ మొదలైంది. ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలసొచ్చిన కుటుంబాలు కిక్కిరిసి ఉండే పేట అది. చాలా ఏళ్ళపాటు పిల్లలకి వేసవి అంతటికీ ఒక్క డాలరు ఫీజు. ఆ పేటని యాభైల చివర్లో కూల్చేసి పెద్ద అపార్ట్‌మెంట్లు లేపారు. బోట్‌హౌస్ మాత్రం అలాగే మిగిలింది. నేను మూడేళ్ళు రైల్లోంచి చూసి డాక్టర్లూ లాయర్లూ అనుకున్నది దీన్ని.

నేర్చుకోవడం మాటల దగ్గరే తేడా కొట్టింది. షీట్ అంటే తెరచాప కాదు, తాడు. తెరచాపని దగ్గరికి లాగే తాడు. సూటిగా గాలికి ఎదురు పోవడం ఏ పడవకీ సాధ్యం కాదు కాబట్టి, ఏటవాలుగా కొంత అటు, కొంత ఇటు మెలికలు తిరుగుతూ పోవాలి. మెర్క్యురీ అనే పదిహేనడుగుల బోటు. ఒక చేతిలో చుక్కాని కర్ర, ఇంకో చేతిలో తాడు, చూపు తెరచాప అంచు మీద. గుడ్డ రెపరెపలాడితే తాడు లాగు, ఆగితే కొంచెం వదులు. మొదటి రోజు ముగిసేసరికి అరచేతులు మంటెత్తిపోయాయి.

ముడుల క్లాసు మటుకు నాదే. బోలైన్ ముడి నేర్పుతూ ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడు కుందేలు కథ మొదలుపెట్టాడు. కుందేలు కన్నంలోంచి పైకొచ్చింది, చెట్టు చుట్టూ తిరిగింది, మళ్ళీ కన్నంలోకి పోయింది. వాడి కుందేలు చెట్టు దగ్గరికి చేరేలోపు నా ముడి అయిపోయింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. దూడ మెడకి పలుపు కట్టే ముడి అది, ఎంత లాగినా మెడకి బిగుసుకోదు. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక "ఆవులు" అని ఊరుకున్నా. ఆ సీజనంతా వాడికి నేను కౌబాయ్‌నే.

ఈ నదిలో గాలిని నమ్మడానికి లేదు. ఊళ్ళోని ఎత్తైన మేడల సందుల్లోంచి దూసుకొస్తుంది, అంతలో చచ్చిపోతుంది, మళ్ళీ వేరే దిక్కు నుంచి లేస్తుంది. అందుకే రేవులో జెండా కట్టి ఉంచుతారు. పచ్చదయితే కొత్తవాళ్ళు కూడా పోవచ్చు, పసుపయితే కొంచెం చెయ్యి తిరిగినవాళ్ళు, ఎర్రదయితే బాగా వచ్చినవాళ్ళే. నేను పచ్చ నుంచి పసుపుకి ఎదిగిన రెండో వారంలోనే బోటు తిరగేశాను. గాలి వెనక నుంచి వీస్తోంది, హాయిగా ఉంది, ఏదో ఆలోచనలో ఉన్నా. ఆర్‌ఎఫ్‌ఈ గురించే అయ్యుంటుంది. తెరచాప కింది కర్ర, బూమ్ అంటారు, చెప్పాపెట్టకుండా అటు నుంచి ఇటు విసురుగా వచ్చింది. తల వంచాను కానీ ఒళ్ళు జరపలేదు. అంతే, నీళ్ళలో ఉన్నా. పైకి తేలి చూస్తే బోటు పక్కకి ఒరిగి పడుకుని ఉంది, తెరచాప కట్టే స్తంభం కొస నది అడుగున దిగబడింది. రెస్క్యూ లాంచీలో వచ్చిన అమ్మాయి నన్ను చూసి, "తల బాగానే ఉందా? కళ్ళద్దాలు ఉన్నాయా?" అని రెండే ప్రశ్నలు అడిగి పనిలో పడింది. బోటు నిలబడేసరికి స్తంభం కొస నుంచి మూరెడు పొడవున నల్లటి బురద జారి తెల్ల తెరచాప మీదుగా కారింది. 1910లో డ్యామ్ కట్టకముందు ఇక్కడ సముద్రపు పోటూ పాటూ తగిలేవి, పాటు సమయంలో కనుచూపు మేర బురద మేటలేనట. ఆ బురద ఎక్కడికీ పోలేదు. సాక్ష్యం నా చొక్కా.

తెరచాప నేనే కడిగాను. ఎవరూ తిట్టలేదు, డబ్బులు కట్టమనలేదు. బోటులో నీళ్ళు తోడటానికి ఇచ్చింది గ్యాలన్ పాల డబ్బా, అడుగు కోసేసి చేటలా చేశారు. సెయిలింగ్ షాపులో గ్లవ్స్ ధర చూసి దణ్ణం పెట్టి వచ్చి, తోటపని గ్లవ్స్ కొని వేళ్ళ కొసలు కత్తిరించుకున్నా. వానకోటు పాతబట్టల షాపుది. ఈ వేషంతోనే నాలుగు సీజన్లు నడిపాను.

ఆర్‌ఎఫ్‌ఈ ఆగస్టులో తేలిపోయింది, పొడిగింపు వచ్చింది. అప్పటికి నాకు ఇదొక పిచ్చి అయిపోయింది. పిచ్చి ముదిరాక నలుగురితో చెప్పకుండా ఉండలేం కదా. అక్కడ మొదలైంది అసలు తమాషా.

ష్రూస్‌బరీలో తెలుగువాళ్ళ పాట్‌లక్. మా ఆవిడ నోరు జారింది, శనివారాలు ఈయన బోటు మీదే ఉంటారని. ప్లేట్లు పట్టుకుని నలుగురు చుట్టూ మూగారు. "ఏంటండీ, బోటు కొన్నారా? చెప్పనేలేదు! ఎన్నడుగులది?" ఆ రెండు నిమిషాలు నాకు దక్కిన మర్యాద ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా దక్కలేదు. నాది కాదండీ, ఊరి బోట్‌హౌస్‌లో మెంబర్నంతే అన్నాను. "ఓ, అద్దె బోటా" అని, మాట మళ్ళీ టెస్లా దగ్గరికి, బేస్‌మెంట్ పని దగ్గరికి పోయింది. ఒకాయన మటుకు మిగిలి, మెల్లగా, "అసలు మనలాంటోళ్ళని రానిస్తారా అందులో?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మూడేళ్ళు రైలు కిటికీలోంచి చూస్తూ నాకు నేను వేసుకున్నదే.

రెండో రకం మా ఆఫీసులో. ఒక డైరెక్టరుగారికి మార్బుల్‌హెడ్‌లో బోటుంది. బోస్టన్‌కి ఉత్తరాన ఉన్న రేవు ఊరు అది, అక్కడివాళ్ళు అమెరికాలో యాటింగ్‌కి, అంటే సొంత తెరచాప బోట్ల సరదాకి, రాజధాని మాదే అంటారు. లంగరు వేసుకోవడానికి చోటు కావాలన్నా ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు. నేనూ సెయిల్ చేస్తానని తెలిసి "ఏ క్లబ్బు?" అన్నారు. చెప్పాను. "ఓ, ఆ చిన్న బోట్లు! ముద్దుగా ఉంటాయి" అన్నారు. పిల్లలు గీసిన బొమ్మ ఫ్రిజ్ మీద అంటిస్తూ అంటామే, ఆ గొంతుతో.

ఈ జబ్బు పాతదే. మా ఊరి కిరాణా కొట్లో వేలాడే టీ పొట్లాల మీద పేరుంటుంది చూశారా, లిప్టన్ అని. ఆ థామస్ లిప్టన్ గ్లాస్గోలో చిన్న కిరాణా కొట్టువాడి కొడుకు. కోట్లు గడించి, 1899 నుంచి 1930 దాకా అమెరికాస్ కప్ అనే పెద్ద తెరచాప బోట్ల పందెంలో ఐదుసార్లు బోట్లు కట్టించి దింపాడు, ఐదుసార్లూ ఓడాడు. అంత చేసినా ఇంగ్లండ్‌లోని రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే గొప్పింటివాళ్ళ క్లబ్బు వాళ్ళు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. సరుకులమ్ముకునేవాడు కదా. చివరికి 1931లో మెంబరుగా తీసుకున్నారు, ఆ ఏడే పోయాడు. సొంత బోట్లున్నవాడికే అలా జరిగింది, పాల డబ్బా చేత పట్టుకున్న నా సంగతి ఎంత.

అయితే ఆ డైరెక్టరుగారే ఒక జులైలో నా డెస్క్ దగ్గరికొచ్చి, "రేపు సాయంత్రం రేసుంది, ఒక మనిషి తగ్గాడు. నీ బరువెంత?" అని అడిగారు. ఎనభై నాలుగు కిలోలన్నాను. "చాలా బాగుంది" అన్నారు. నా బరువు విని సంతోషించిన మొదటి మనిషి ఆయనే. గాలి గట్టిగా ఉన్నప్పుడు బోటు ఒరిగిపోకుండా పైకి లేచిన అంచు మీద వరసగా మనుషుల్ని కూర్చోబెడతారు. దాన్ని వాళ్ళు ముద్దుగా 'రైల్ మీట్' అంటారు, అంచు మీద మాంసం. మొదటిరోజు నేను మాంసమే. నా పక్కన ఒక రిటైరైన ప్లంబరు, ఆయన పక్కన బార్‌లో పనిచేసే అమ్మాయి. ఆ ఇద్దరికీ బోటు లేదు, ఎప్పుడూ ఉండలేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరో ఒకరి బోటు మీద రేసులు ఆడుతూనే ఉన్నానని ప్లంబరు చెప్పాడు. బోట్లున్నవాళ్ళు చాలామందే, టైముకొచ్చి చెప్పిన పని చేసేవాళ్ళే దొరకరట. ఆయన సొంత సామాను ఒక టోపీ, ఒక చాకు.

రేసయ్యాక డైరెక్టరుగారు ఖర్చులు ఏకరువు పెట్టారు. లంగరు చోటుకి, ఇన్సూరెన్సుకి, అడుగున రంగుకి, చలికాలం ముందు క్రేనుతో ఒడ్డుకెత్తి తెల్ల ప్లాస్టిక్ చుట్టడానికి, వసంతంలో అది విప్పడానికి. బోట్ అన్న ఇంగ్లీషు మాటలో అక్షరాలకి 'బ్రేక్ అవుట్ అనదర్ థౌజండ్' అని అర్థం చెప్పి ఆయనే నవ్వారు. ఇంకో వెయ్యి బయటికి తియ్యి అని. ఇంత పెట్టి, నీళ్ళలో ఉండేది ఏడాదికి ఐదారు నెలలు. పెళ్ళికి కొన్న పట్టుచీర బీరువాలో పెట్టుకున్నట్టు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. మళ్ళీ పిలవాలి కదా.

ఇక మా అమ్మ. కోనసీమలో ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటో పంపితే ఫోన్ చేసింది. "ఇదేంట్రా నాన్నా, ఉద్యోగం పోయిందా?" అంది. లేదమ్మా, సరదాకి, డబ్బులు కట్టి నేర్చుకుంటున్నా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న తాడు లాగీ లాగీ భుజం కాయకట్టిపోయిందిరా. నువ్వు ఎదురు డబ్బులిచ్చి లాగుతున్నావా?"

తాతయ్య గోదావరి కాలవల మీద సరుకు పడవల్లో కళాసీ. రోడ్లూ లారీలూ ఇంతగా లేని రోజుల్లో ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు అన్నీ కాలవల మీదే పోయేవి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళతో పాటు పడవలకీ దారయ్యాయి. గాలి లేకపోతే కళాసీలు గట్టు మీద నడుస్తూ, ఛాతీకి అడ్డంగా తాడు వేసుకుని పడవని లాక్కుపోవాలి. లాకుల దగ్గర ఆగడం, మళ్ళీ లాగడం. అమ్మకి తెలిసిన పడవ అది. పడవ పని అంటే మా ఇంట్లో ఎవరూ గొప్పగా చెప్పుకునేది కాదు, పిల్లల్ని బళ్ళో వేసింది అందులోంచి బయటపడటానికే. ఇక్కడేమో అదే తాడు పట్టుకుంటే గొప్పవాళ్ళ ఆట. మార్బుల్‌హెడ్ మాట తర్వాత, ముందు మా అమ్మకి దీన్ని ఎలా సర్దిచెప్పాలో నాకు తెలియలేదు.

చెప్పక్కర్లేకుండా పోయింది. ఆ ఫోటోనే మళ్ళీ చూసినట్టుంది, రెండ్రోజులాగి తనే ఫోన్ చేసి అడిగింది. "లాగేది పడవని కాదా? గుడ్డనా?" గుడ్డనే అమ్మా, గాలే లాక్కుపోతుంది అన్నాను. "అలా చెప్పు మరి" అంది. తెరచాప ఎత్తిన పూట తాతయ్య భుజానికి సెలవట. ఆ రోజు ఇంటికొస్తూ పిల్లలకి జీళ్ళు తెచ్చేవాడట.

అప్పట్నుంచి శనివారం ఫోన్‌లో తిన్నావా అని కాదు, "గాలుందా?" అని అడుగుతుంది. అక్టోబరు ఆఖరుకి బోట్‌హౌస్ మూసేస్తారు, ఇక ఏప్రిల్ దాకా ఆ మాటకి జవాబుండదు. జనవరిలో నది గడ్డకట్టిందంటే నమ్మలేదు. వంతెన మీద రైల్లోంచి వీడియో తీసి పంపాను. ఫోన్ చేసింది.

"మరి పడవలెక్కడ?"

"ఒడ్డున కట్టేశారమ్మా."

"పలుపు ముడేనా?" అంది.