కొండగుడి మొక్కు

మా అత్తయ్యకి మళ్ళీ మాట వస్తే గాజువాక నుంచి విశాఖ రేవు పక్కనున్న మేరీమాత కొండగుడికి నడిచి వస్తానని మొక్కుకున్నాను. 2022 మార్చిలో, ఆసుపత్రి వరండాలో, ఆవిడ గాజులూ మెడలోని సిలువా ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి నర్సు నా చేతిలో పెట్టినప్పుడు. పక్షవాతం కుడివైపు కొట్టింది. చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. ఎంత దూరం, ఎప్పుడు, ఎవరితో అని నేనేమీ లెక్క చూసుకోలేదు. నోటికి వచ్చింది మొక్కేశాను.

పుట్టింట్లో మాకు మొక్కుల అలవాటు లేదు. మా నాన్న బాప్తిస్టు, సండే స్కూల్లో పాఠాలు చెప్పేవారు. బైబిల్ చదవాలి, మోకాళ్ళూనాలి, అంతే. పెళ్ళయి ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళింటికి వచ్చాక జపమాల పట్టుకోవడం నేర్పింది అత్తయ్యే. మొదట్లో నాకు బెరుగ్గా ఉండేది. ఆవిడ బలవంతపెట్టలేదు. "సగం నేను చెప్తాను, సగం నువ్వు చెప్పు, అంతేనమ్మా" అన్నారు. మంగళవార్త జపం అలాగే చెప్తారు. ఒకరు "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని ఎత్తుకుంటే, మిగతావాళ్ళు "పరిశుద్ధ మరియమ్మా" అని రెండో సగం అందుకుంటారు. పదహారేళ్ళు మా ఇంట్లో మొదటి సగం ఆవిడది, రెండో సగం నాది. వంటింట్లో పప్పు పొంగుతుంటే ఒక్కోసారి నా సగం అక్కడి నుంచే అరిచి చెప్పేదాన్ని.

ఆవిడ ఇంటికొచ్చాక ఆ మొదటి సగం చెప్పేవాళ్ళు లేరు. మాట నేర్పించడానికి వచ్చే అమ్మాయి, ఎన్నో ఏళ్ళుగా నోటికి అలవాటైన పాటలూ ప్రార్థనలూ ఒక్కోసారి మామూలు మాటలకన్నా ముందు తిరిగొస్తాయని చెప్పింది. అందుకని రోజూ సాయంత్రం మంచం పక్కన కూర్చుని రెండు సగాలూ నేనే చెప్పేదాన్ని. ఆవిడ నా పెదాలకేసి చూసేవారు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారేవి. మాట మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఏడాదంతా నేను ప్రేమతోనే చేశానని చెప్పలేను. తెల్లారి లేచి పక్కబట్టలు మార్చడం, స్పంజితో ఒళ్ళు తుడవడం, పిల్లాడికి డబ్బా కట్టడం, స్టీల్ ప్లాంట్‌లో సి షిఫ్ట్ చేసొచ్చిన మా ఆయన నిద్ర చెడకుండా చూసుకోవడం. వీటన్నిటి మధ్య చోడి (రాగి) జావ తినిపించడానికే ముప్పావు గంట పట్టేది. చెంచా ఎడమ పక్కనుంచి పెట్టాలి, గడ్డం కిందికి వంచాలి, మింగారని గొంతు కదలిక చూసి అప్పుడు ఇంకో చెంచా. తొందరపడితే పొలమారుతుంది. ఆగస్టులో ఒక రోజు ఆవిడ మూడో చెంచాకే మొహం పక్కకి తిప్పేసుకున్నారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తిప్పుకున్నారు. నేను గిన్నె తీసుకెళ్ళి గట్టు మీద ధడాలున కొట్టాను. స్టీలు గిన్నె, అంచు సొట్ట పడింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలోంచి ఆవిడ నన్నే చూస్తున్నారు. అలా చూసి కళ్ళు దించేసుకున్నారు, తప్పు తనదైనట్టు.

మాట లేని మనిషి మీద నేను చూపించిన కోపం అది. ఆ చూపు నాకు చాలా నెలలు నిద్రపట్టనివ్వలేదు.

అక్టోబర్లో మాట వచ్చింది. ఉదయం జావ పెడుతున్నాను. ఒక చెంచా మింగి, చాలా కష్టంగా, ముందు శబ్దాన్ని గొంతులో కూడగట్టుకుని, "ఉప్పు" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు. బీపీ కదా, ఉప్పు తగ్గించమని డాక్టరు అంటే నేను భయపడి అసలు వెయ్యడమే మానేశాను. ఏడు నెలలు ఆవిడ చప్పటి జావ తిన్నారు. అందుకే మొహం తిప్పుకునేవారు. మా ఆయన్ని నిద్రలేపాను, పిల్లాడు బ్రష్ నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "మామ్మా, ఇంకోసారి" అని వాడంటాడు, ఆవిడ "ఉప్పు" అంటారు. అందరం ఏడుస్తున్నాం. తర్వాత డాక్టర్ని అడిగితే చిటికెడు వెయ్యొచ్చన్నారు.

కొండగుడి మేరీమాత పండుగ డిసెంబర్లో వస్తుంది. ఆ ఏడాది ఆవిడని వదిలి కదలలేకపోయాను. మరుసటి ఏడు మా ఆడపడుచు వచ్చి, "నేనుంటాను వదినా, నువ్వెళ్ళు" అంది. అలా 2023 డిసెంబర్ 8, శుక్రవారం, నిష్కళంక మాత పండుగ నాడు బయల్దేరాం. నేనూ, సెలవు పెట్టిన మా ఆయనా, నీళ్ళ సీసాల సంచీ నేనే మోస్తానని పట్టుబట్టిన మా అబ్బాయీ. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి మూడు రోజులే అయింది. రోడ్డు పక్కన గుంటల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. తెల్లవారుజామున మూడున్నర. సుమారు 15 కిలోమీటర్లు.

శ్రీహరిపురం, మల్కాపురం, సింధియా. బస్సులో వందసార్లు వెళ్ళిన దారి. నడిస్తే వేరేగా ఉంటుంది. క్రిస్టియన్ల ఇళ్ళ మీద అప్పుడే స్టార్లు కట్టారు. చీకట్లో అవి కనిపించిన చోటల్లా మా వాడు లెక్కపెట్టాడు. మల్కాపురం దాటేసరికి 41. మా ఆయన మాట్లాడకుండా నడుస్తున్నారు. కాసేపటికి, "మా అమ్మకి నువ్వు చేసింది కూతురు కూడా చెయ్యదు" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అలా అనడం అదే మొదటిసారి. సొట్ట గిన్నె సంగతి ఆయనకి తెలీదు. చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర టీ తాగాం. నుదుట విభూతి పెట్టుకున్న టీ కొట్టాయన, "కొండగుడికేనా అమ్మా?" అని, పది రూపాయలిచ్చి, "మా పాప పరీక్షలు రాస్తోంది, నా పేరున కూడా ఒక కొవ్వొత్తి వెలిగించండి" అన్నాడు. ఆ కొండకి అలాగే వస్తారు జనం. ఒడిశా నుంచీ వస్తారు, ఏ మతం వాళ్ళైనా వస్తారు. రేవు పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మా మేరీమాత.

పాత ఊళ్ళోకి రాగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. చిన్నప్పుడు నన్ను ఇక్కడ తిప్పుతూ ఒక కథ చెప్పేవారు. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు ఈ ఊరొచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళ మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంటే ఆ పుస్తకాన్ని వాళ్ళిద్దరూ కళ్ళతో చూడలేదు. మా నాన్న ఈ మాట దగ్గర ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేవారు. నాకు ఆరోజు వేరే మాట తట్టింది. మత్తయి అంటే కొండమీద ప్రసంగం, "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" అన్న వాక్యం. రెండు వందల ఏళ్ళ కిందట ఈ సందుల్లోనే ఎవరో కూర్చుని ఆ వాక్యానికి తెలుగు వెతికారు. అది రాసుకున్న చేతులకి మా వంటింట్లో ఏం జరగబోతోందో ఏం తెలుసు! దేవుడికి తెలుసు. నేను అలాగే నమ్ముతున్నాను.

మెట్ల దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. పూలు, కొవ్వొత్తులు, చంకల్లో పిల్లలు. కొండని ఇంగ్లీషులో రాస్ హిల్ అంటారు. రాస్ అనే దొర 1864లో దాని మీద ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనా మందిరం అయింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు ఆ చోటంటే ఇంకా ఇష్టం. గుడి కాకముందు అక్కడ పొయ్యి వెలిగింది, గిన్నెలు తోమారు, ఎవరో జ్వరంతో పడుకుంటే ఎవరో పక్కన కూర్చున్నారు.

ఎక్కుతూ మెట్టుకో స్తోత్రం చెప్పుకుందామనుకున్నాను. పెద్ద పెద్దవి మొదటి పది మెట్లకే అయిపోయాయి. ఆ తర్వాత చిన్నవి వచ్చాయి. ఆవిడ ఎడమ చేత్తో చిక్కుళ్ళు ఈనె తీయడం నేర్చుకున్నందుకు. మా వాడు రోజూ క్రికెట్ స్కోరు ఆవిడకి చదివి వినిపించినందుకు. ఎండాకాలం రాత్రుళ్ళు కరెంటు పోయినప్పుడు మా ఆయన విసనకర్రతో కూర్చున్నందుకు. చోళ్ళు ఆడించి ఇచ్చి డబ్బులు తర్వాత తీసుకునే మిల్లాయన కోసం. పైకి వచ్చేసరికి ఇంకా మిగిలే ఉన్నాయి.

పూజకి ముందు పాపసంకీర్తనం చేసుకున్నాను, అంటే ఫాదర్‌గారి దగ్గర తప్పులు ఒప్పుకోవడం. సొట్ట గిన్నె సంగతి మొదటిసారి ఇంకో మనిషితో చెప్పాను. ఫాదర్‌గారు పెద్దాయన. అంతా విని, "ఆ గిన్నె ఇంకా ఉందా అమ్మా?" అని అడిగారు.

"ఉంది ఫాదర్. రోజూ అందులోనే పెడతాను."

"అయితే క్రిస్మస్ దాకా, ఆ గిన్నె కడిగినప్పుడల్లా ఒక మంగళవార్త జపం చెప్పుకో."

అంతే. నేను ఇంకా పెద్దదేదో వేస్తారనుకున్నాను. ఉపవాసమో, మోకాళ్ళ మీద మెట్లో. బయటికొచ్చి గోడ పక్కన నిలబడ్డాను. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద రేవులోకి మెల్లగా వస్తున్న ఓడ. పదిహేను కిలోమీటర్లు నడిచి నేను తెచ్చుకున్న ప్రాయశ్చిత్తం మా వంటింటి సింకు దగ్గర ఉంది. ఏడుపూ వచ్చింది, ఒళ్ళంతా తేలికా అయింది. టీ కొట్టాయన కొవ్వొత్తి మా వాడు వెలిగించాడు. గాలికి రెండుసార్లు ఆరిపోతే అరచేతులు అడ్డం పెట్టి అది నిలబడేదాకా కూర్చున్నాడు.

దిగేటప్పుడు మా ఆయనకి గిన్నె సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా చేతిలోని సంచీ తీసుకున్నారు.

ఆటోలో ఇంటికొచ్చాం. ఆడపడుచు అత్తయ్యకి జావ పెట్టేసి గిన్నె సింకులో వేసింది. నేను కాళ్ళు కడుక్కుని నేరుగా అక్కడికే వెళ్ళాను. కొళాయి తిప్పి, సొట్ట పడ్డ అంచు మీద పీచు తిప్పుతూ, "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టాను. నెమ్మదిగానే అన్నాను, నాలో నేను అనుకున్నట్టు. మొదటి సగం అయ్యింది. ఊపిరి తీసుకున్నాను.

లోపలి గదిలోంచి, మంచం మీద నుంచి, ఒక్కో ముక్కా తడుముకుంటూ వినిపించింది: "పరి...శుద్ధ... మరియమ్మా..."

కొళాయి కట్టేశాను. ఆవిడ ఆ సగం పూర్తి చేసేదాకా గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.